మేనమామ రిహార్సల్

మీ ఇంట్లో ఇంకా అన్నం ముట్టని పసివాళ్ళు ఎవరైనా ఉంటే నన్ను గడప దాటి లోపలికి రానివ్వకండి. నేను చెడ్డవాణ్ణి కాను. చేతులు శుభ్రంగా కడుక్కుంటాను, గోళ్ళు పెరగనివ్వను, పిల్లలంటే ఇష్టం కూడా. అయినా సరే, రానివ్వకండి. ఖరగ్‌పూర్‌లో, ఝపటాపూర్‌లోని మా సందులో, గుప్పెడు పప్పన్నంతో నేను చేసిన విధ్వంసం వింటే మీ అంతట మీరే తలుపు గడియ పెట్టుకుంటారు.

నా పేరు సన్యాసిరావు. మా తాత విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో చేరాడు. తరవాత మా నాన్న చేరాడు. మేం ఇక్కడే పాతుకుపోయాం. సందులో బెంగాలీలు నన్ను ‘శొన్నాశి’ అంటారు, మా నాన్న ‘సన్నాసి’ అంటాడు. మొదటిది వాళ్ళ యాస. రెండోది ఆయన అభిప్రాయం.

ఇది జరిగేనాటికి నాకు పెళ్ళి కాలేదు. విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో ఒక ఫ్యాక్టరీలో కొత్తగా చేరాను. మా అప్ప గౌరి, అంటే మా అక్క, పురిటికి పుట్టింటికి వచ్చి కొడుకుని కని, వాడికి ఆరో నెల వచ్చేదాకా మా దగ్గరే ఉంది. అన్నప్రాసన కూడా ఇక్కడే చేయాలని పెద్దవాళ్ళు అనుకున్నారు. మా ఇళ్ళలో తొలి ముద్ద పెట్టాల్సింది మేనమామ. అప్పకు నేను ఒక్కణ్ణే తమ్ముణ్ణి. ఆ ఉద్యోగానికి రాతపరీక్ష లేదు, ఇంటర్వ్యూ లేదు, వేరే అభ్యర్థి లేడు. పోటీ లేకుండా నాకు దొరికిన పదవి జీవితంలో అదొక్కటే కాబట్టి, నేను కాస్త ఛాతీ విరుచుకునే తిరుగుతున్నాను.

ఒకరోజు అప్ప పిల్లాణ్ణి ఒళ్ళో జోకొడుతూ నావైపు అనుమానంగా చూసింది.

“ముద్ద నువ్వే పెట్టాల. తప్పదు కదా. అదే నా బెంగ” అంది.

“బెంగ దేనికి?”

“నీ సేతిలో ఏదైనా నిలిసిందేటిరా ఎప్పుడైనా? నా పెళ్ళిలో ఏటి సేసినావో గుర్తుందా?”

గుర్తు లేకేం. వడ్డన చేస్తానని సాంబారు బకెట్టు పట్టుకుని ఉత్సాహంగా బయల్దేరి, పెళ్ళికొడుకు బాబాయిగారి ఒళ్ళో దించాను. పాపం ఆయన తెల్ల పంచెతో వచ్చి పచ్చ పంచెతో వెళ్ళాడు.

“అది బకెట్టు. ఇది చిన్న ముద్ద” అన్నాను.

“అంత బకెట్టునే పట్టుకోనేకపోనావు, ఇంత నోట్లోకి ముద్దెలగ పెడతావు? ముక్కులో పెడతావు, కంట్లో పెడతావు. అందరి ముందరా గుంటడు గుక్క పట్టీసినాడంటే నా పరువేటవ్వాల? ముందే నేర్సుకో.”

“ఎవరి మీద నేర్చుకోను?”

“గోడ మీద నేర్సుకో. నా కొడుకు మీద మాత్రం కాదు. ముహూర్తానికి ముందు ఆడి నోట్లో మెతుకు పడితే నీ సెయ్యి ఇరిసీస్తాను.”

ఈ చివరి మాటలో నాకు సగమే బుర్రకెక్కింది. మా అప్ప కొడుకు నోటికి వర్తించే చట్టం ఇంకో ఇంటి పిల్లాడి నోటికీ వర్తిస్తుందేమోనన్న ఆలోచన నాకు రాలేదు. ఆలోచనలు నాకు సాధారణంగా కాస్త లేటుగా వస్తాయి, మా లైన్లో పాసింజరు బండ్లలాగే.

ముందు అద్దం ముందు కూర్చుని నా నోట్లో నేనే పెట్టుకున్నాను. బాగానే కుదిరింది, కానీ అది నాకు పాతికేళ్ళుగా అలవాటున్న పని. తరవాత అప్ప చిన్నప్పటి ప్లాస్టిక్ బొమ్మని వెతికి తీశాను. దానికి నోరు తెరుచుకోదు కాబట్టి ముద్దంతా మూతికి పూసినట్టయింది. వెనకనుంచి మా అమ్మ చూసి, “ఆ బొమ్మకి గోడకి సున్నం కొట్టినట్టు కొడతన్నావేటిరా?” అని అడిగింది. నాకు అర్థమైంది ఏమిటంటే, బొమ్మతో లాభం లేదు, నోరు తెరవగల విద్యార్థి కావాలి.

అలాంటి విద్యార్థి పిట్టగోడకి అవతలే ఉన్నాడు.

పక్కింట్లో మౌ దీదీ, ఆవిడ అత్తగారు, ఆవిడ కొడుకు పుచ్కూ ఉండేవారు. మౌ దీదీ భర్త రైలు గార్డు. ఆయన ఇంట్లో కంటే గార్డు పెట్టెలో ఎక్కువ కాపురం చేసేవాడు. అత్తగారిని మనవడు పుట్టకముందు నుంచే సందులో అందరూ ఠాకుమా అనేవారు, అంటే నాయనమ్మ. పుచ్కూకి ఏడు నెలలు దాటాయి. మధ్యాహ్నం పూట దీదీ స్నానానికి వెళుతూ వాణ్ణి పిట్టగోడ మీదుగా మాకు అందించేది. ఠాకుమాకి మోకాళ్ళ నొప్పులు, ఆ పాకుడు వీరుడి వెనక పరిగెత్తలేదు. నాది మధ్యాహ్నం దాటాక మొదలయ్యే షిఫ్టు కాబట్టి నేను ఇంట్లోనే ఉండేవాణ్ణి.

వాడు మెదిపిన అరటిపండు తింటుండగా నా కళ్ళతో నేను చూశాను. ఉడికించిన ఆపిల్ పండు తింటుండగా చూశాను. చివరికి మా కాలెండరు మూల తింటుండగా కూడా చూశాను. ఇన్ని తినేవాడికి నాలుగు మెతుకులు కొత్తా? నేను మెత్తటి అన్నంలో పప్పుకట్టు పోసి, నెయ్యి వేసి కలుపుతుంటే అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి అడిగింది.

“ఒరే, ఆడికి ముఖే భాత్ అయిపోనాదా?”

ముఖే భాత్ అంటే బెంగాలీల అన్నప్రాసన. వాడికి ఆరో నెల వచ్చినప్పుడు అమ్మ అప్పనీ పిల్లాణ్ణీ వెంటబెట్టుకుని ఒక బంధువుల పెళ్ళిపనుల మీద విజయనగరం వెళ్ళి ఉంది. నాకేమో అప్పుడు ఫ్యాక్టరీలో కొత్త. ఆ పక్కింట్లో ఏం జరిగిందో మా ఇద్దరికీ తెలియదు. తెలియనప్పుడు అడగాలి. పిట్టగోడ పక్కనే ఉంది, గొంతెత్తితే చాలు.

“అయ్యే ఉంటుంది” అన్నాను.

చూశారా, ఎంత నిబ్బరంగా అన్నానో. మా అమ్మ కూడా సరే అనుకుంది. “అయితే ఉప్పెయ్యకు. బాగా మెదుపు, పలుకన్నది తగలకూడదు. ఆణ్ణి నిటారుగా కూకోబెట్టి పెట్టు” అని చెప్పి పనిలో పడిపోయింది.

మొదటి రోజు పాఠం నాకే జరిగింది, విద్యార్థికి కాదు. ముద్ద గట్టిగా ఉంటే వాడు నాలుకతో బయటికి తోసేశాడు. పల్చగా చేస్తే అది గడ్డం మీదుగా నా లుంగీలోకి పారింది. చెంచా తెస్తే చెంచా లాక్కుని నేలకేసి కొట్టాడు. మూతి దగ్గరికి వేలు తీసుకెళ్ళగానే పెదాలు బిగించి, తల ఇటు తిప్పి, అటు తిప్పి, చివరికి నా ముంజేతి మీద తుమ్మాడు. పావుగంటలో ఆ పిల్లాడి తల మీద, చెవిలో, మోకాలి మడతలో, నా కనుబొమల్లో అన్నం ఉంది. నోట్లో తప్ప ఉండగలిగిన చోటల్లా ఉంది.

“తిప్పుకుంటే మానీరా. ఆడు నోరు తెరిసినప్పుడే పెట్టాల” అంది అమ్మ లోపల్నుంచి.

“తెరవడం లేదు కదా.”

“తెరిసేదాకా కూకో. నీకేటి తొందర?”

తొందర నా షిఫ్టుది. అంతలో యార్డు వైపు ఒక గూడ్సు బండి హారన్ కొట్టింది. ఖరగ్‌పూర్‌లో పుట్టినవాళ్ళకి ఆ చప్పుడు వినబడదు, అలవాటైపోయి ఉంటుంది. పుచ్కూ ఇంకా కొత్త పౌరుడు. హారన్ వినగానే ఆశ్చర్యంతో కళ్ళు గుండ్రంగా చేసి నోరు తెరిచాడు. నేను వేలితో చిటికెడు అన్నం లోపల పెట్టాను. వాడు నోరు మూసి, ఆలోచించి, చప్పరించి, మింగాడు. తరవాత నన్ను చూసిన చూపులో మొదటిసారిగా కొంత గౌరవం ఉంది.

గూడ్సు బండ్లు మన అవసరం కనిపెట్టి రావు కాబట్టి హారన్ నేనే కొట్టడం మొదలుపెట్టాను. “పోఁ...” అంటే నోరు తెరుచుకునేది. ముద్ద లోపలికి. “పోఁ...” మళ్ళీ నోరు. మూడో రోజుకి వాడు కూర్చుని తినే తీరు చూస్తే, భోజనం హోటల్లో నెలవారీ ఖాతా ఉన్నవాడిలా ఉన్నాడు. నా చెయ్యి కూడా కుదిరింది. ఎంత ముద్ద, ఎంత మెత్తన, ఎక్కడ పెడితే ఉమ్మడు, ఎప్పుడు ఆపాలి, అన్నీ వచ్చేశాయి. ఫ్యాక్టరీకి వెళ్ళే బస్సులో కూడా నాకు తెలియకుండానే పెదాలు సున్నాలా చుట్టి ప్రాక్టీసు చేస్తుంటే, పక్క సీటాయన లేచి వెళ్ళి వెనక కూర్చున్నాడు.

అప్ప ఆ వేళకి పిల్లాడితోపాటు లోపలి గదిలో నిద్రపోయేది కాబట్టి ఇదంతా తనకి తెలియదు. మౌ దీదీకి నేను చెప్పలేదు. దాచాలని కాదు. మీసాలొచ్చిన మగవాడు ముద్ద పెట్టడంలో శిక్షణ తీసుకుంటున్నాడని సందులో తెలిస్తే బావుండదని మాత్రమే. పుచ్కూ మూతి కడిగి, తల తుడిచి, తిరిగి గోడ మీదుగా అందించేసేవాణ్ణి. ఎప్పుడైనా చొక్కా మీద పసుపు మరక కనిపిస్తే దీదీ అది మా అమ్మ చేతి పసుపు అనుకునేది.

ఒకరోజు ఆవిడ గోడ మీద మోచేతులు ఆనించి అప్పతో దిగులుగా మాట్లాడటం విన్నాను.

“ఏమిటో గౌరీ, మధ్యాహ్నం అరటిపండు పెడితే ముట్టడు. పాలు కూడా సగమే. కానీ బుగ్గలు చూడు, ఎలా వస్తున్నాయో. డాక్టరుగారు బరువు బాగా పెరిగాడన్నారు.”

“గాలి మంచిది” అంది ఠాకుమా లోపల్నుంచి. “నేను మంగళవారాలు ఉపవాసం ఉంటున్నాను కదా, దాని ఫలం. నేను మానేసిన తిండంతా వాడి ఒంటికి పడుతోంది.”

నేను నవ్వుకుని ఊరుకున్నాను. అంత మంచి సమాధానం దొరికాక నా పప్పన్నం సంగతి చెప్పి ఆవిడ పుణ్యం తగ్గించడం ఎందుకు?

ఆ శనివారం పక్కింటి ముందు ఒక టోటో, అంటే బ్యాటరీ రిక్షా, ఆగింది. అందులోంచి ముందు ఒక ఇనప పెట్టె దిగింది, తరవాత ఒక మీసం దిగింది, దాని వెనక మనిషి దిగాడు. మౌ దీదీ అన్న బిశుదా. సైన్యంలో, ఎక్కడో మంచుకొండల దగ్గర పని. నన్ను చూసి భుజం మీద చెయ్యి వేశాడు. అది చెయ్యా, రైలు పట్టా కింద వేసే స్లీపరా అనిపించింది.

“శొన్నాశి, ఎల్లుండి నువ్వు తప్పకుండా రావాలి” అన్నాడు.

“ఏముంది బిశుదా ఎల్లుండి?”

“పుచ్కూ ముఖే భాత్.”

నాకు యార్డులో బండ్లన్నీ ఒక్కసారి ఆగిపోయినట్టు అనిపించింది.

“ఇంకా... కాలేదా?”

“ఎలా అవుతుంది? మా వాళ్ళల్లో మొదటి అన్నం పెట్టేది మామ. ఆరో నెలలో నాకు సెలవు దొరకలేదు. మగపిల్లాడు కదా, ఏడో నెల పనికిరాదు, ఎనిమిదో నెల దాకా ఆపారు. దుర్గా పూజోకి ఇంటికి రాలేదు, స్నేహితుడి పెళ్ళికి పోలేదు. ఉన్న సెలవంతా దీని కోసమే దాచుకున్నాను.” పెట్టెలోంచి గుడ్డలో చుట్టిన చిన్న వెండి గిన్నె, వెండి చెంచా తీసి చూపించాడు. అంత పెద్ద చేతుల్లో అవి బొమ్మ సామాన్లలా ఉన్నాయి. “పాపం, మా మౌ ఇప్పటిదాకా వాడి నోట్లో ఒక్క మెతుకు పడనివ్వలేదు.”

నేను గిన్నె చాలా బావుందన్నాను. చెంచా కూడా బావుందన్నాను. ఆ పెట్టె తాళం కూడా బావుందన్నాను. ఇంటికి వచ్చి అప్పని వంటింట్లోకి లాక్కెళ్ళి విషయం చెప్పాను. అప్ప నెత్తి మీద చెయ్యి పెట్టుకుని పీట మీద కూలబడింది.

“నిన్ను గోడ మీద కదరా నేర్సుకోమన్నాను.”

“నువ్వు నిజంగా గోడ అన్నావని నేను అనుకోలేదు.”

“ఇప్పుడేటి సేస్తావు?”

“వెళ్ళి చెప్పేస్తాను.”

“సెప్పీసి? ఆ మనిషి కొండలు దిగొచ్చినాడు. ఎల్లుండి పండగనగా నువ్వెల్లి, దాదా, అదంతా నాను ముందే పెట్టీసినాను అంటావేటి? నోరు మూసుకో. నువ్వు సెప్పకపోతే ఆలకెవులు సెప్తారు? పుచ్కూ సెప్తాడేటి? ఆడికింకా మాటలే రానేదు.”

ఆ వాదనలో నాకు లోపం కనబడలేదు. అమ్మకి కూడా చెప్పొద్దనుకున్నాం, ఎల్లుండి జరిగేది మామ వచ్చాడని పరమాన్నం తినిపించే వేడుక అన్నాం. అమ్మకి విషయం తెలిస్తే కడుపులో దాచుకోలేదు, కాబట్టి తెలియకపోవడమే క్షేమం. ఇంత తెలివైన నిర్ణయం మా ఇంట్లో అంతకు ముందు గానీ తరవాత గానీ ఎవరూ తీసుకోలేదు. దాని ఫలితం ఇదిగో వస్తోంది.

ఎల్లుండి రానే వచ్చింది. పక్కింటి ముందుగది బంధువులతో నిండిపోయింది. పుచ్కూకి పట్టు పంచె కట్టారు, నుదుటి మీద చందనం చుక్కలు పెట్టారు, తల మీద తెల్లటి బెండు కిరీటం పెట్టారు. పెళ్ళికొడుకులా ముస్తాబై, పెళ్ళికొడుకంత అయోమయంగా మామ ఒళ్ళో కూర్చున్నాడు. ముందు వెండి గిన్నెలో పాయేష్, అంటే మన పరమాన్నం. నేను అందరికంటే వెనక, తలుపు పక్కన, వీలైనంత తక్కువ చోటు ఆక్రమించి నిలబడ్డాను.

శంఖం ఊదారు. ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ ఉలూలు అన్నారు. బిశుదా చెంచాతో పాయేష్ తీసి మేనల్లుడి పెదాల దగ్గర పెట్టాడు. వాడు లెవెల్ క్రాసింగు గేటులా నోరు మూసేశాడు.

“హాఁ చెయ్యి బాబూ” అన్నాడు బిశుదా.

గేటు తెరుచుకోలేదు. మళ్ళీ శంఖం, మళ్ళీ ఉలూలు. దీదీ బుజ్జగించింది. ఠాకుమా గిలక్కాయ ఆడించింది. మామ మీసాలకి భయపడుతున్నాడేమో అన్నారు ఎవరో. బిశుదా ఎడమచేత్తో మీసాలు కప్పుకుని కుడిచేత్తో చెంచా పట్టుకున్నాడు. శత్రువుకి ఎదురు నిలబడే మనిషి నుదుటి మీద చెమట పట్టింది. మంచులో కూర్చుని ఈ ఒక్క నిమిషం కోసం ఎన్నిసార్లు ఊహించుకుని ఉంటాడో అనుకున్నాను.

సరిగ్గా అప్పుడు పుచ్కూ కిరీటం కింద నుంచి గదంతా పరికించి నన్ను పట్టుకున్నాడు. మొహం విప్పారింది. నన్నే చూస్తూ నోరు బార్లా తెరిచాడు. నేను తలుపు వెనక్కి తప్పుకున్నాను. మూసేశాడు. ఊపిరి కోసం బయటికి వచ్చాను. తెరిచాడు. ఒకరిద్దరు వెనక్కి తిరిగి నన్ను చూశారు. నేను కూడా వెనక్కి తిరిగి నా వెనక ఎవరున్నారా అని చూశాను. గోడ ఉంది.

ఈ ఇబ్బందిలో ఉండగా యార్డు నుంచి ఒక బండి దీర్ఘంగా హారన్ కొట్టింది. పుచ్కూ ఠక్కున నోరు తెరిచాడు. బిశుదా సైనికుడు కదా, అవకాశం వదల్లేదు. చెంచా లోపలికి వెళ్ళింది. గదిలో అందరూ ఒక్కసారి హాయిగా నిట్టూర్చారు. దీదీ కళ్ళు తుడుచుకుంది. నేను కూడా అనుకున్నాను, పోనీలే, గండం గడిచింది, రైల్వే వాళ్ళు చల్లగా ఉండాలి అని.

కానీ పుచ్కూ మొదటిసారి అన్నం తినే పిల్లాడిలా మొహం చిట్లించలేదు, ఉమ్మలేదు, తెల్లబోలేదు. ముద్దని ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకి మార్చుకుని, నింపాదిగా నమిలి, మింగి, పెదాలు నాకి, రెండో ముద్ద ఆలస్యమవుతోందని నావైపు చెయ్యి చాపి, గది అంతా వినబడేలా అన్నాడు.

“పోఁ.”

“ఇదేమిటి?” అంది ఠాకుమా. “ఈ పోఁ ఏమిటి? వీడు చూడబోతే నలభై ఏళ్ళుగా అన్నం తింటున్నవాడిలా తింటున్నాడు. వీడికి ఇవన్నీ ఎవరు నేర్పారు?”

అప్ప నావైపు చూసింది. నేను నేలవైపు చూశాను. మేమిద్దరం అమ్మవైపు చూడాల్సింది, చూడలేదు. ముందు వరసలో కూర్చున్న మా అమ్మ, కొడుకు ప్రయోజకత్వం నలుగురికీ తెలిసే సందర్భం వచ్చినందుకు మురిసిపోతూ, తన బెంగాలీలో, అంటే సగం తెలుగులో, చెప్పేసింది.

“మా సన్యాసే నేర్పినాడు ఠాకుమా. రోజూ మద్దినేల మా వంటింట్లో కూకోబెట్టి దాల్ భాత్ పెడతాడు కదా. మీ గుంటడు ఒక్క మెతుకు పారీడు. బంగారం.”

శంఖం ఊదబోతున్న ఆవిడ గాలి బుగ్గల్లోనే ఆపేసుకుంది. బిశుదా చెంచాని గిన్నెలో పెట్టాడు. చప్పుడు కాకుండా పెట్టాడు. విసిరికొట్టి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

“రోజూనా?” అని అడిగాడు.

“ఆదివారాలు పెట్టలేదు” అన్నాను. నాకు అంతకన్నా మంచి సంగతి ఏదీ చెప్పడానికి దొరకలేదు.

“దాదా పూజోకి కూడా రాలేదు” అంది మౌ దీదీ నెమ్మదిగా. కోప్పడలేదు. ఆ మాట ఒక్కటే అంది. ముందుకు వెళ్ళి, బిశుదా ఎదురుగా నేల మీద కూర్చుని ఉన్నదంతా చెప్పాను. అప్ప కొడుకుకి ముద్ద పెట్టాలి, నా చేతికి ఏదీ నిలవదు, నేర్చుకుందామనుకున్నాను, ముఖే భాత్ అయిపోయిందనుకున్నాను, అడగలేదు.

“అంటే నా మేనల్లుడు నీకు ప్రాక్టీసు” అన్నాడు బిశుదా.

ఔననడానికి సిగ్గు, కాదనడానికి సాక్షులు.

ఠాకుమా మా అమ్మ వైపు తిరిగింది. “అన్నంలో నెయ్యి వేసేవాడా?”

“ఏసీవోడు. ఇంటి నెయ్యే.”

“బాగా మెదిపేవాడా?”

“పలుకు తగలనిచ్చేవోడు కాదు.”

ఠాకుమా మనవడి బుగ్గల్ని కాసేపు పరీక్షగా చూసింది. “నా ఉపవాసాల వల్ల అనుకున్నాను” అంది విచారంగా. తరవాత న్యాయమూర్తిలా గొంతు సవరించుకుంది. “చూడు బిశూ. తిన్న అన్నం వెనక్కి రాదు. మొదటి అన్నం పెట్టినవాడు మామే అవుతాడు. వీడు తెలిసి అయ్యాడా, తెలియక అయ్యాడా అన్నది వేరే సంగతి. ఇక నుంచి వీడికి ఇద్దరు మామలు. ఒకడు సరిహద్దు చూసుకుంటాడు, ఒకడు సందు చూసుకుంటాడు.”

ఎవరో నవ్వారు. దీదీ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బిశుదా మాత్రం నవ్వలేదు. నావైపు తిరిగి అడిగాడు.

“మీ మేనల్లుడి అన్నప్రాసన ఎప్పుడు?”

“గురువారం.”

“అప్పటికి నా సెలవు ఉంటుంది.” మీసం దువ్వుకున్నాడు. “నా మేనల్లుడికి మొదటి ముద్ద నువ్వు పెట్టావు. నీ మేనల్లుడికి మొదటి ముద్ద నేను పెడతాను.”

నేను ఆశగా అప్ప వైపు చూశాను. ఎంతైనా తోడబుట్టింది. తమ్ముడి హక్కు, వంశాచారం, మావాళ్ళ మాట, ఏదో ఒకటి అడ్డం వేస్తుందని నా నమ్మకం.

“ఠీక్ హై దాదా” అంది అప్ప. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. “మీ సేతిలో అయితే నిలుస్తాది.”

గురువారం మా ఇంట్లో అన్నప్రాసన దివ్యంగా జరిగింది. నేనే అన్నం మెదిపాను, నెయ్యి నేనే వేశాను, పలుకు లేకుండా చూసి గిన్నె అందించాను. పట్టు పంచె కట్టుకుని, వెన్ను నిటారుగా పెట్టి, బిశుదా మా వాడిని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. మా వాడు మీసాలు చూసి భయపడలేదు సరికదా, వాటిని రెండు చేతులా పట్టుకుని వేలాడాడు. మొదటి ముద్ద నేరుగా నోట్లోకి వెళ్ళింది. ఒక్క మెతుకు కింద పడలేదు. బిశుదా మొహంలో అప్పుడు వచ్చిన వెలుగు చూసి, నా పదవి పోతే పోయింది అనుకున్నాను. ఆ మాట నాలో నేనే గట్టిగా మూడుసార్లు అనుకోవాల్సి వచ్చింది.

విజయనగరం నుంచి వచ్చిన అప్ప అత్తగారి అక్క, అప్ప పెళ్ళికి రానందువల్ల నన్నెప్పుడూ చూడని ఆవిడ, ఇదంతా కళ్ళద్దాలు సర్దుకుంటూ చూసి, అప్ప చెవి దగ్గర అడిగారు. చెవి దగ్గరే అయినా ఆవిడ గొంతు వీధి గుమ్మం దాకా వినబడే గొంతు.

“గౌరీ, ఆ మీసాలాయనెవులే?”

“పిల్లడి మేనమామండి.”

“మరి ఆ మూల గరిట పట్టుకున్నోడు?”

“ఆడాండి? ఆడు పక్కింటి పిల్లడి మేనమామండి.”

ఆవిడ ఇక అడగలేదు. ఈ ఊళ్ళో ఆచారాలు వేరు కాబోలు అనుకుని ఉంటారు.

బిశుదా సెలవు అయిపోయి వెళ్ళిపోయాడు. నేను మాత్రం ఠాకుమా తీర్పు ప్రకారం సందులో మామగా కొలువు చేస్తున్నాను. పుచ్కూకి టీకాలకి నేనే, జుట్టు కత్తిరింపుకి నేనే, బడిలో చేర్చిన రోజు వాడు నా కాలు పట్టుకుని ఏడిస్తే వాడితోపాటు ఏడ్చిందీ నేనే. అన్నదమ్ములకి బొట్టు పెట్టే భాయ్ ఫోటా పండగకి మౌ దీదీ నా నుదుట చందనం పెడుతూ, “ఇంకెవరి పిల్లలకైనా అన్నం పెట్టావా ఈ ఏడు?” అని అడగడం మరిచిపోదు.

ఇప్పుడు నాకూ పెళ్ళయింది, ఒక కూతురు పుట్టింది. దాని అన్నప్రాసన వచ్చే నెల. మా బావమరిది టాటానగర్ నుంచి వస్తున్నాడు. కాబట్టి ఈ సందర్భంగా, మీ అందరి సమక్షంలో, పూర్తి స్పృహలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా ప్రమాణం చేస్తున్నాను. ఆ పిల్ల నోటికి తొలి ముద్ద నేను పెట్టను. మెతుకు చూపించను. నేను తింటున్న కంచం దాని కంటపడనివ్వను. అది ఆవలించడానికి నోరు తెరిచినా సరే, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, ముందు దాని మేనమామకి ఫోన్ చేసి అనుమతి అడుగుతాను.